రెండు తలుపుల గది

ఈ వీధిలో చిన్నాపెద్దా అందరూ మిషనక్క అని పిలిచే దర్జీని నేను. వయసు డెబ్బై మూడు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గాని మతి నిక్షేపంగా ఉందని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా స్వార్జితం ఎవరికి చెందాలో నా ఇష్టప్రకారం రాసుకుంటున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామా చెల్లదు. అది అల్లుడి మీద కోపంలో రాసింది.

1. ముందు పెద్ద రోడ్డుకూ, వెనక ప్రార్థన మందిరం సందుకూ తలుపులున్న నా కుట్టుగదిని మా సంఘంవారి అత్యవసర సహాయ సేవకు శాశ్వతంగా రాసిస్తున్నాను. షరతు ఒక్కటే. సాయానికి వచ్చినవాళ్ల పేరు అడగకూడదు, ఫొటో తీయకూడదు. తప్పితే ఆ రోజే గది నా కూతురికి చెందుతుంది. అది సిటీ బస్సు నడుపుతుంది, నోరు చాలా పెద్దది. ఆ సంగతి సంఘం పెద్దలు గుర్తుంచుకోవాలి.

కారణం చెప్పకుండా షరతు పెట్టడం నాకు ఇష్టం లేదు. మా ఆయన కట్టడం పనిలో పైనుంచి పడి మంచాన పడ్డప్పుడు మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. సంఘంవాళ్లు బియ్యం, నూనె, మందులు ఇచ్చారు. ఆ మేలు మరవను. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను సంచీతో అందరి ముందూ నిలబెట్టి, పేరు చదివి, ఫొటో తీసి నోటీసు బోర్డుకు అంటించారు. నాలుగు నెలలు ఉందది. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. బళ్లో పిల్లలు ఆ ఫొటో చూశారట. అన్నం వండి పెడితే, నాకు ఆకలి లేదమ్మా అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆకలి లేకపోవడమేమిటి, పొద్దుటినుంచీ ఏమీ తినకుండా ఉంటే? నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది, దాచుకోను.

అందుకే ఈ గది కొనుక్కున్నాక శనివారం పద్ధతి పెట్టాను. అందరికీ ఒకే నీలం గుడ్డ సంచులు నేనే కుట్టాను. వచ్చే ప్రతివాళ్లూ రోడ్డు తలుపున నిండు సంచీతోనే వస్తారు. ఉన్నవాళ్ల సంచీలో బియ్యం, లేనివాళ్ల సంచీలో పాత బట్టలు. దాన్ని అక్కడ దించి, ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్తారు. ఎడమ అరలో తిండి సంచులు, కుడి అరలో నా గుడ్డపీలికల సంచులు ముందే సర్ది ఉంచుతాను. అవసరమున్నవాళ్లు ఎడమది, ఇవ్వడానికి వచ్చినవాళ్లు కుడిది తీసుకుని సందు తలుపున వెళ్లిపోతారు. ఎవరు పెట్టారో, ఎవరు పట్టుకెళ్లారో బయటివాళ్లకు అంతుపట్టదు. నాకూ తెలియదు.

2. కుట్టుమిషను పక్కింటి కోడలికి. అంచులు వంకరగా కుడుతుంది, అయినా పట్టుదల మనిషి.

3. వాలుకుర్చీ మా అల్లుడికి. గది అద్దెకిస్తే నెలనెలా వస్తుంది కదా అత్తయ్యా అని ఆరేళ్లు నా చెవినిల్లు కట్టుకుని పోరాడు. గది దక్కలేదని మొహం ముడుచుకోవద్దు. నాకు మోకాలి ఆపరేషనైనప్పుడు పదకొండు రోజులు ఆస్పత్రి బెంచీ మీద పడుకున్నది అతనే. నాకు కొడుకున్నా అంత చేసేవాడు కాదు.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత సంఘం కార్యదర్శిగారికి అప్పగిస్తున్నాను. చదివేవాళ్లు నోరెళ్లబెట్టనక్కర్లేదు. అవును, ఆనాడు నా ఫొటో తీసింది ఆయనే. పేర్లు రాసే రిజిస్టరు పెట్టమని పంతొమ్మిదేళ్లు నాతో గొడవపడిందీ ఆయనే.

ఈ వీధిలో సగంమంది పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డ వారం నేను తొందరలో ఒక పీలికల సంచీని ఎడమ అరలో, ఒక బియ్యం సంచీని కుడి అరలో పెట్టేశాను. మధ్యాహ్నం పాస్టరుగారు పరుగున వచ్చి, ఇదేమిటక్కా, నా సంచీలో బియ్యమున్నాయి అన్నారు. అంటే ఎవరో ఆకలితో వచ్చి గుడ్డముక్కలు మోసుకెళ్లారు. ఎవరని వెతకను? పేర్లు వద్దన్నదాన్ని నేనే.

కార్యదర్శిగారికి కబురందింది. వచ్చారు. రిజిస్టరు పెట్టమని నేను మొత్తుకోలేదా అక్కా అన్నారు. అరల కింద కూలబడి ఏడ్చాను. ఆయన చొక్కా చేతులు మడిచారు. ఏ ఇల్లో తెలియనప్పుడు అన్ని ఇళ్లకూ ఇద్దాం, మా ఇంటితోనే మొదలుపెట్టండి అన్నారు.

ఆ మాటతో వీధి కదిలింది. ఉన్నవాళ్లు వంటిళ్లు ఊడ్చి తెచ్చారు. నాలుగు సందుల్లో నూట పన్నెండు తలుపులకు సంచులు తగిలించాం, డాక్టరమ్మ తలుపుకూ, పాస్టరుగారి తలుపుకూ కూడా. లిఫ్టు పాడైన మేడ మెట్లన్నీ ఎక్కింది కార్యదర్శిగారే. పొద్దుగూకేలోపల పనైపోయింది. ఏ ఇంట్లో గుడ్డముక్కలున్నాయో గాని, ఆ ఇంట్లో ఆ పూట అన్నం ఉడికింది.

పోయిన నెల సంఘం సమావేశంలో రిజిస్టరు వద్దు, ఫొటోలు వద్దు అని తీర్మానం పెట్టింది ఆయనే. పదకొండు మందీ చేతులెత్తారు. నేను గెలిచాను, తమ్ముడూ. గెలిపించింది నువ్వు. నోటీసు బోర్డు బాకీ తీరిపోయింది.

5. నా మంచం మీది బొంత మా అమ్మాయికి. అది నేను కుట్టింది కాదు. తలుపులకు సంచులు తగిలించిన మూడు వారాలకు, రోడ్డు తలుపున వచ్చిన సంచుల్లో ఒకదానిలో దొరికింది. పొరపాటున ఇంటికి చేరిన నా పీలికలనే ముక్కముక్కా అతికి కుట్టారు. తిట్టుకుంటూ పారెయ్యలేదు, కుట్టి తెచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

నలభై ఎనిమిదేళ్లు దర్జీపని చేశాను. కుట్టు చూస్తే ఎవరి చెయ్యో పోల్చుకోగలను. ఆ చెయ్యి ఎవరిదో విప్పిన క్షణానే తెలిసింది. మా అమ్మాయి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు, పాస్టరుగారికీ చెప్పలేదు. ఉన్నదంతా పైన రాసిచ్చేశాను. ఆ పేరు మాత్రం ఎవరికీ రాయడం లేదు.

ఈ నెల పద్నాలుగో తేదీ, శనివారం, గది తెరిచే వేళకు ముందు, చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన సంతకం:
మిషనక్క

సాక్షులు:
క్లినిక్ డాక్టరమ్మ
మలుపు దగ్గర రొట్టెల దుకాణం ఆయన