ముప్పై ఒక్క గడియారాలు, ఒక టెంటు

చెన్నూరు, జూన్ 5

కరీంనగర్ నూర్ ఫోటో సామాన్ల దుకాణం మేనేజర్ సారుకు, గడియారాల తోమాసు వందనాలు చెప్పి రాసుకునే సంగతి.

పోయినేడు మీ కాడ కెమెర, దానికి చిన్న వస్తువును పెద్దగ తీసే మాక్రో లెన్సు కొన్నది నేనే. నాకు చెవులు సరిగ వినవడయి. ఫోన్ల మాట్లాడుడు అయితలేదు, అందుకే ఉత్తరం.

నలభై ఏండ్లు గడియారాలు బాగు చేసిన. దుకాణం బంద్ చేసినంక చూస్తే ముప్పై ఒక్కటి మిగిలినయి. బాగు చెయ్యమని ఇచ్చిండ్రు, మళ్ళ తీస్కపోలే. వాటికి కట్టిన పేర్ల చీటీలు ఎలుకలు కొరికినయి. మా చర్చిల పాటలు పాడే ప్రిస్కిల్లా, "ఫోటోలు తియ్యి తాతా, నేను ఫోన్ల పెడ్త, ఎవలది వాళ్ళు గుర్తువడ్తరు" అన్నది. ఎవలది వాళ్ళకు ముట్టజెప్తే నా పానం తేలికయితది.

కాని ఏ గడియారం తీసినా దాని మీద ఎవలో ముసలాయన మొఖం వస్తుంది. ముప్పై ఒక్కదాంట్ల కూడ ఆయనే. లెన్సు లోపల పాత ఫోటో ఏదో ఇరుకున్నట్టుంది. మార్చి పంపుండ్రి.

ఇట్లు,
తోమాసు

తా.క.: గా ముసలాయనను యాడనో చూసినట్టే ఉన్నది.

---

కరీంనగర్, జూన్ 12

తోమాసు సార్‌కు నమస్తే. మీ ఉత్తరం ముట్టింది.

లెన్సుల ఎవరూ లేరు సార్. మెరిసే వస్తువు అద్దం లెక్క. ఎదురుగ ఏముంటే గదే చూపెడ్తది. కిటికీ ఉంటే కిటికీ, బల్బు ఉంటే బల్బు, మీరుంటే మీరు. దీనికి ఉపాయం ఒక్కటే, టెంటు. గడియారాన్ని టెంటు లోపల పెట్టి, రెండు దిక్కుల లైట్లు పెట్టుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి.

నూర్ ఫోటో సామాన్ల తరఫున

తా.క.: గా ముసలాయనకు మా సలాం చెప్పుండ్రి.

---

చెన్నూరు, జూన్ 20

మేనేజర్ సారుకు, మీ మాట విని ఊరందరి నోట్ల పడ్డ తోమాసు రాసేది.

టెంటుహౌజ్ ఓంప్రకాశ్ కాడికి పోయిన. "ఎంత మంది వస్తరు?" అన్నడు. "ఒక్క గడియారం" అన్న. నా దిక్కోసారి చూసి అడ్వాన్సు తీసుకున్నడు. పొద్దుగాల ఎనిమిదింటికల్ల నా ఇంటి ముంగట షామియాన లేసింది. రెండు ట్యూబులైట్లు, యాభై కుర్చీలు. నడిమిట్ల టీపాయి మీద గడియారం.

ఇంటి ముంగట టెంటు పడ్డంక జనం ఊకుంటరా? ఎదురింటి సత్తమ్మ ఏడ్సుకుంట ఉరికొచ్చింది. తోమాసు పోయిండనుకున్నదట. తలుపు నేనే తీస్తే ఇంకా గట్టిగ ఏడ్చింది. పాస్టరు గారు పాటల పుస్తకం పట్టుకొని వచ్చిండు. నాలుగు దండలు కూడ వచ్చినయి. వాపస్ తీస్కపొమ్మంటే తీస్కపోలే.

అయినా ఫోటో తీసిన. ఇప్పుడు గడియారం మీద నా మొఖం, ఎర్ర పచ్చ షామియాన, ఎనుక నోరు తెరిచిన సత్తమ్మ. ముగ్గురం మంచిగనే పడ్డం. గడియారమే కనవడుతలేదు.

ఇట్లు, పరేషాన్‌ల ఉన్న
తోమాసు

తా.క.: మొత్తం పదకొండు మంది వచ్చిండ్రు. మా ఇంటామె లిడియా పోయినంక ఇంటికి ఇంత మంది వచ్చుడు గిదే. చాయ్ పోసిన, పొద్దుమీకేదాక కూసున్నరు. పోయెటప్పుడు "బతికే ఉన్నవు గద, మళ్ళొస్తం" అన్నరు. రాలే.

---

కరీంనగర్, జూన్ 28

తోమాసు సార్‌కు, తప్పు నాదే అని ఒప్పుకుంట రాస్తున్న.

నేను చెప్పిన టెంటు చిన్న తెల్లబట్ట డబ్బా. బియ్యం బస్తా అంత కూడ ఉండదు. ఒకటి పార్శిల్‌ల పంపుతున్న. గడియారం దాని లోపల, లైట్లు బయట పెట్టుండ్రి. బట్ట దాటి వచ్చిన వెలుగు మెత్తగ పడ్తది. ముందటి తెర దించి, దానికున్న బొక్క నుంచి లెన్సు ఒక్కటే లోపలికి చూడాలె. నడిమిట్ల లెన్సు నీడ నల్లగ వడితే గడియారాన్ని జర వంచుండ్రి. ఒక అంకె మంచిగ వచ్చి ఇంకోటి మసకగ వస్తే లెన్సు కన్ను చిన్నగయ్యేటట్టు ఎఫ్ పదహారు అంకె మీద పెట్టుండ్రి. కెమెర స్టాండు మీదనే ఉండాలె. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తియ్యిండ్రి.

నూర్ ఫోటో సామాన్ల తరఫున

తా.క.: మీ ఉత్తరం మూడు సార్లు చదివిన. నవ్వుకుంట మొదలువెట్టి, ఆఖరు మాట కాడ ఆగిపోయిన. ఇక్కడ కూడ ఎవరు వస్తలేరు సార్.

---

చెన్నూరు, జూలై 19

మేనేజర్ సారుకు, మీ డబ్బా పుణ్యాన సంబురంగ ఉన్న తోమాసు వందనాలు.

ఫోటోలు కడిగిన ముత్యాల లెక్క వచ్చినయి. ప్రిస్కిల్లా ఫోన్ల పెట్టింది. నాలుగు గడియారాలు ఇండ్లకు పోయినయి. పెద్దపల్లి నుంచి కొండల్ వచ్చిండు. సైకిల్ మీదికెళ్ళి పడ్డనాటి గీత చూసి గుర్తుపట్టిండట. కీ ఇచ్చి చెవికి పెట్టుకొని చిన్న పోరని లెక్క నవ్విండు. ఐలవ్వ తన పెనిమిటి గడియారం తీసుకొని, తోలుపట్టీ వాసన చూసి, గంటసేపు కూసున్నది. నేను కూడ కూసున్న.

ఇంత చేసిన మిమ్ముల కండ్లార చూడాలె. ఆగస్టు మొదటి గురువారం కరీంనగర్ వస్త. దుకాణం ఎన్నింటికి తీస్తరో రాయుండ్రి.

ఇట్లు,
తోమాసు

తా.క.: పెద్ద దుకాణం, మీ కింద చానమంది పనోళ్ళుంటరని ఇరవై నువ్వుల లడ్డూలు చేసిన. తక్కువవడితే చెప్పుండ్రి.

---

కరీంనగర్, జూలై 24

తోమాసు పెద్దబాపుకు, యాస్మీన్ సలాం.

మేనేజర్ సార్ లేడు. దుకాణం కూడ లేదు. మార్చిలనే షట్టర్ దించిండ్రు. సేటు రహీమ్ సాబ్ తన బిడ్డ కాడికి పోయిండు. పన్నెండేండ్లు కౌంటర్ల కూసున్నది నేనే. దుకాణం పేరు మీద ఏది వచ్చినా పోస్ట్‌మన్ నాగయ్య మా ఇంటికే తెచ్చిస్తడు. అన్నీ అచ్చు కాయితాలు. చేతితోని రాసింది మీదొక్కటే.

మొదటి ఉత్తరంలనే ఈ సంగతి చెప్పాల్సింది. చెప్తే మీరు మళ్ళ రాయరని దుకాణం ముద్ర కొట్టి పంపిన. మా అమ్మ జమాలున్నీసా పోయినంక ఇంట్ల మాట్లాడేటోళ్ళు లేరు. టెంటు నాదే, కంసాలోళ్ళకు ముక్కుపుల్లల ఫోటోలు తీసిచ్చేదాన్ని. అబద్ధమాడిన, మాఫ్ చెయ్యుండ్రి.

గురువారం ఇంటికే రండ్రి. బస్‌స్టాండ్‌ల నేను నిలవడుత, చేతిల మీ ఉత్తరాలు పట్టుకొని. లడ్డూలు తక్కువ పడయి. ఉన్నది నేనొక్కదాన్నే.

మీ
యాస్మీన్

తా.క.: గురువారం కుదరకపోతే శుక్రవారం రండ్రి. శనివారమైనా ఇంట్లనే ఉంట. బుధవారం కూడ.