టమాటా నారు తలవాల్చిన సంగతి

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ మనుషులం బానే ఉన్నాం, నారే బాగాలేదు. నీ నర్సరీ నుంచి పంపిన టమాటా గింజలు మొలిచాయి కదా అని మురిసిపోయానా, వారం తిరక్కుండానే మట్టిని తాకేచోట కాడ సన్నబడి, ఒక్కొక్కటే పక్కకి ఒరిగిపోతోంది. ఎవరో దారం కట్టి బిగించినట్టుంది. నలభై ఏళ్లు బట్టలు కుట్టినవాణ్ణి, దారం బిగింపు నాకు తెలీదా? పక్కింటాయన మీదే నా అనుమానం.

మీ అక్క తెగేసి చెప్పింది. వచ్చే నెలాఖరుకి నలభై మొక్కలు నిలబడితే సరే, లేకపోతే డాబా తనదట, బట్టలారేసుకుంటుందట. దుకాణం మూసేశాక నాకు మిగిలింది ఆ డాబా ఒక్కటేరా! ఏదో ఒకటి చెప్పు.

ఇట్లు,
మీ బావ

తా.క.: చలి తగలకుండా ట్రేకి లైనింగు గుడ్డతో కోటు కుట్టాను. నాలుగు గుండీలు. చూడముచ్చటగా ఉంది.

*

బావగారికి నమస్కారాలు.

పాపం పక్కింటాయన్ని వదిలెయ్యండి. అది నారుకుళ్లు తెగులు. మట్టిలో ఉండే బూజు చేసే పని. చెమ్మా, ఉక్కా ఉంటే దానికి పండగే, మీరేమో కోటు కూడా తొడిగారు! ముందు ఆ గుండీలు విప్పి గాలి ఆడనివ్వండి. ఒరిగినవి ఇక లేవవు, చుట్టూ మట్టితో సహా తీసి పారెయ్యండి. మిగతావాటి మొదట్లో లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పొయ్యండి, పాకకుండా ఆగుతుంది.

ఎందుకైనా మంచిది, రెండో ట్రే కూడా వెయ్యండి. ట్రే కడిగి ఎండబెట్టాలి. పాత మట్టి వద్దు, కొత్త కొబ్బరిపొట్టు నింపండి. గింజలు పల్చగా పడాలి. నీళ్లు పొద్దున పూటే, అదీ పైన ఆరితేనే.

ఉంటాను,
మీ బావమరిది

తా.క.: ఇంతకీ ఆ మట్టి ఎక్కడిది?

*

ఒరేయ్ బావమరిదీ,

మట్టి పోయినేడు చచ్చిన వంగమొక్కలది. మట్టి మట్టే కదా అనుకున్నాను. సరే, అదంతా పారబోసి రెండో ట్రే వేశాను. టేపు పెట్టి అంగుళానికొకటి చొప్పున గింజ నాటాను. పొద్దున ఒక్కసారే నీళ్లు పోస్తున్నాను. అయినా సాయంత్రానికి చూస్తే తడితడిగా ఉంటోంది, మళ్లీ ఒరుగుతున్నాయి! నీళ్లు నీ గింజల్లోంచే ఊరుతున్నాయిరా. ఎవరూ కొనని సరుకు సొంత బావకే అంటగట్టావా?

కోపంతో,
మీ బావ

తా.క.: వాటిని చూడలేక పగలంతా వంటింట్లోనే కూర్చుంటున్నాను. ఊరికే ఉండడమెందుకని మీ అక్క డబ్బాలన్నిటికీ గౌన్లు కుట్టాను. పంచదార డబ్బాకి కుచ్చులు కూడా పెట్టాను.

*

బావగారికి,

గింజల్లోంచి నీళ్లు ఊరతాయన్నవాణ్ణి ఇరవయ్యేళ్ల నర్సరీలో ఇప్పుడే చూస్తున్నాను. సాయంత్రం తడి ఉందంటే ఎవరో పోస్తున్నారు. మీరే పోసి మర్చిపోతున్నారేమో! నా సరుకు మీద నమ్మకం లేకపోతే ఇక నాకు రాయకండి.

ఇట్లు,
ఎవరూ కొనని సరుకు అమ్మేవాడు

తా.క.: కోటు మళ్లీ తొడగలేదు కదా?

*

తమ్ముడూ,

అక్క దీవెనలు. మీరిద్దరూ కొట్టుకోకండిరా, ఆ నీళ్లు పోసింది నేనే. ఆయన పొద్దున్నే కొలిచి కొలిచి పోస్తుంటే, అయ్యో పసిమొక్కలు, దాహంతో అల్లాడిపోతాయని ప్రాణం ఊరుకోలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తియ్యగానే ఓ చెంబుడు గుమ్మరించేదాన్ని. నీ ఉత్తరం ఆయన బిగ్గరగా చదువుతుంటే నా గుండెల్లో రాయి పడింది.

డాబా సంగతి ఏదో కోపంలో అన్నాను. ఆయన నిజంగా కిందకి దిగొస్తే నా గతేం కాను? ఇప్పటికే గౌను విప్పితేగానీ ఏ డబ్బాలో ఏముందో తెలిసి చావడం లేదు.

అదృష్టం ఏంటంటే, ఆయన రెండో ట్రే వేసిన రోజే మిగిలిన గింజలు నేనూ నీళ్ల ట్యాంకు వెనక వేశాను, అచ్చం నువ్వు చెప్పినట్టే. నావే కదా, మొండివి, ఏం కావులే అని పొద్దున పోసి వదిలేసేదాన్ని. జాలంతా ఆయన మొక్కల మీదే! నలభై మూడు నిలబడ్డాయి. ఒరిగినవి చూడలేక ఆయన ఈమధ్య మొహం తిప్పుకునే నీళ్లు పోస్తున్నారు కదా, నిన్న బజారుకెళ్లినప్పుడు ట్రేలు మార్చేశాను.

ఈ పొద్దున ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, కళ్లు తుడుచుకుని, నన్ను పైకి పిలిచారు. ఓడిపోయానని ఒప్పుకున్నాను. ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదురా.

ఆయనకి చెప్పావో, చూసుకో.

మీ అక్క

తా.క.: నీకు క్షమాపణ రాస్తున్నారు. గింజలు మంచివేనట. నారుకి నీళ్లెలా పొయ్యాలో నీకు రెండు పేజీలు నేర్పిస్తున్నారు. బుద్ధిగా నేర్చుకో.