చప్పుడు లేని కారు

అక్కా,

బావగారు పంపిన డబ్బు అందింది. నాన్న కారుకి ముందు చక్రాల దగ్గర కుదుపులు ఆపే స్ట్రట్లు మార్పించాను. "ఒక్కటే మారిస్తే బండి పక్కకి లాగుతుంది సార్, జతగా వెయ్యాల్సిందే" అన్నాడు మెకానిక్. చవకరకం వద్దని మంచివే వేయించాను. గుంతలో పడ్డా చప్పుడు లేదు.

నాన్న పోయాక కూడా, వీధి మలుపులో ఆ పాత స్ట్రట్ల టకటక వినగానే "మీ నాన్న వచ్చేశారు" అంటూ అమ్మ గేటు తీసేది. దిగింది నేనని చూసి, దిగాలుగా లోపలికొచ్చి, నాతో రెండు ముద్దలు తినేది. ఆ దిగులు చూడలేకే మార్పించాను.

ఇప్పుడు నేనొచ్చి ఎదురుగా నిలబడి పిలిచినా, "ఉండరా, నాన్న కారు ఇంకా రాలేదు" అంటూ గేటు వదలడం లేదు. తిండి మానేసింది.

పాతవి షెడ్డులోనే పడున్నాయి. రేపు మళ్ళీ అవే బిగించమంటాను. బావగారికి నువ్వే ఎలాగో నచ్చజెప్పు.

నీ తమ్ముడు