బావ కోసం కట్టిన తాడు

బావా,

మన చెంచుపెంటలో నిజాం సర్కారు బడి పెట్టింది. అక్కడ నేర్చిన అక్షరాలతో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఎక్కడికి పంపాలో తెలియదు. తేనె దించావని అడవి కాసే జంగ్లాతు జవాను నిన్ను పాలమూరు తోలుకుపోయి నాలుగు ఎండాకాలాలు గడిచాయి. ఏ కబురూ రాలేదు.

నిన్న ఆ జవానే వచ్చాడు. "గీ అడవిల తేనె ఇగ మీరే దీస్కోవచ్చు. సర్కారు హుకుం," అని నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

అక్క మాత్రం నారతాడు నా చేతికిచ్చింది. "పోయి కట్టిరా తమ్మీ. మీ బావొస్తే తాడుండాలె గద," అంది.

నువ్వు దిగే బండ అంచునే కట్టాను. కింద ఉన్న నీ తేనెపట్టుకు ఇంకెవరినీ దిగనివ్వలేదు. "తాడు పెండ్లాం తమ్ముడే పట్టాలె. అక్క మొగుణ్ణి ఎవడిడుస్తడు?" అని నవ్వేవాడివి కదా.

గాలికి తాడు కదిలింది. మూడుసార్లు కదిపితే పైకి లాగమని మన గుర్తు. రెండు చేతులా పట్టుకున్నాను.

రెండుసార్లు కదిలి ఆగింది. పొద్దు గుంకేదాకా నేను వదల్లేదు.