అప్పుకు ఉపవాసం

మార్చి 5, బుధవారం

శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టర్ దాకా చర్చిలో కొందరు మాంసం మానేస్తున్నారు, కొందరు టీ. నేను అప్పు మానేస్తున్నాను!

పాస్టరుగారికి చెబితే నవ్వారు. "మంచి ఉపవాసమే మంజులమ్మా. మీ ఇంటాయన కూడా ఉంటాడా?"

ఉంటాడు. ఉండక ఏం చేస్తాడు.

మా అప్పులు:
పొదుపు గ్రూపు లోను. నెలనెలా ఐదో తేదీకి రెండువేల ఐదువందలు. (లీడరును నేనే.)
బైకు కంతులు, ఇంకా ఏడు.
నా తులమున్నర గొలుసు. బంగారు లోను ఆఫీసులో ఉంది. విడిపించాలంటే అరవై నాలుగు వేలు. ఏప్రిల్ 15 దాటితే వేలం వేస్తామని కాగితం పంపారు.

చేతిలో ఉన్నది: అరవై ఒక్క వేలు! రెండేళ్ళు నేను బ్లౌజులు కుట్టి, ఆయన వెల్డింగ్ షాపులో ఆదివారాలు కూడా పనిచేసి దాచినవి. బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. ఇంకో మూడువేలు కలిస్తే గొలుసు మెడలోకి వస్తుంది.

తీర్మానాలు:
1. కొత్త అప్పు లేదు.
2. బియ్యం డబ్బా అడుగు ముట్టుకునేది లేదు.
3. ఇంట్లో కారు మాట వినపడకూడదు.

మూడోది మా ఆయన ప్రేమ్ కుమార్ కోసం. ఫోనులో పాత కార్ల వీడియోలు చూడటం ఆయనకు జబ్బు.

"సూస్తే దుడ్డు అడుగుతారా?" అన్నాడు.

"నువ్వు సూస్తావు, ఆమీట ఉసూరుమంటావు. ఆ ఉసూరుకే వడ్డీ పడ్తాది."

మార్చి 6

రెండో రోజు. చీరలాయన వచ్చాడు. కంతుల మీద ఇస్తానన్నాడు. వద్దన్నాను! అతను నెమలికంఠం రంగు చీర విప్పి చూపించినా వద్దన్నాను!

గ్రూపులో కమలమ్మ కంతు ఒకరోజు ఆలస్యంగా తెచ్చింది. యాభై రూపాయలు జరిమానా వేశాను. లీడరన్నాక గట్టిగా ఉండాలి.

మార్చి 9, ఆదివారం

ఉదయం 10.20. చర్చి ముందు తెల్ల కారు ఆగింది. లోపల మా మరిది కృపానందం, తోడికోడలు స్వప్న. ఆదోనిలో ఉంటారు. అతను పత్తి వ్యాపారి దగ్గర గుమస్తా. అందరూ తిరిగి చూసేదాకా స్వప్న దిగలేదు.

"నడ్సుకుంటా వచ్చినారా అక్కా? మంచిదేలే. మీకు షుగరు రాదు."

10.45. వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

1.00. మా అత్త లింగమ్మను ఎక్కించుకుని ఊరు ఒక చుట్టు తిప్పారు. అత్తకు డెబ్బై ఏళ్ళు. వయసంతా చేలల్లో కూలికి పోయిన మనిషి. దిగి, "బయట ఎండాకాలం, లోపల సలికాలమే అమ్మీ!" అంది.

ప్రేమ్ కుమార్ ఉసూరుమన్నాడు. ఈరోజుకు వడ్డీ మాఫీ చేశాను.

మార్చి 13

ఆయన వీడియో చూస్తుంటే పక్కన కూర్చున్నాను. తిట్టడానికే.

ఎర్ర కారు. పైకప్పులో అద్దం కిటికీ ఉంది. మీట నొక్కితే తెరుచుకుంటుంది! ఆదోనిలో ఉందట. రెండు లక్షల పది వేలు.

"ఇంకోసారి పెట్టు," అన్నాను. ధర సరిగా వినపడలేదు, అందుకని.

మార్చి 17

ఒక ఆలోచన. (అప్పు కాదు, ఉత్త ఆలోచన.)

కారును పెళ్ళిళ్ళకు పంపితే రోజుకు పదిహేను వందలు. నెలకు పది పెళ్ళిళ్ళు. పదిహేను వేలు! ఫైనాన్సు కంతు ఆరువేలనుకుందాం. మిగులు తొమ్మిది వేలు.

అంటే కారు కొనకపోవడం వల్ల నెలనెలా తొమ్మిది వేలు పోగొట్టుకుంటున్నాం! దీన్ని అప్పు అనరు. వ్యాపారం అంటారు.

మార్చి 19, బుధవారం

కారు వద్దని చెప్పి రావడానికి ఆదోని వెళ్ళాం. ఆయన ఒక్కడే పోతే కొనేస్తాడని నేనూ వెళ్ళాను. అరవై ఒక్క వేలూ సంచిలో పెట్టుకున్నాను. ఇంట్లో పెట్టి పోతే దొంగల భయం.

11.30. పాత కార్ల వ్యాపారి జయన్న ఎదురొచ్చాడు.

"కొనేది ల్యా అన్నా. సూసి పోదామని వచ్చినాం."

"సూసేకి దుడ్డా అక్కా? ఎండలో ఏమిటికి నిలబడ్తావు? ఉత్తగా లోపల కూకో."

కూర్చున్నాను. ఏసీ వేశాడు. అత్త చెప్పింది నిజమే! మీట నొక్కాడు. నెత్తి మీద ఆకాశం తెరుచుకుంది.

11.50. బేరమాడింది నేనే! రెండు లక్షల పది వేల నుంచి లక్షా తొంభై ఐదుకు దించాను. పదిహేను వేలు మిగిల్చాను! ఆయన ఒక్కడే వచ్చి ఉంటే?

12.30. అరవై వేలు కట్టాం. తక్కినది ఫైనాన్సు. పదకొండు చోట్ల సంతకాలు. పేరు మార్పించే పని తనదేనన్నాడు జయన్న. "ఫికర్ సేయొద్దక్కా."

మిగిలిన వెయ్యితో ఉగ్గాని బజ్జీ, పెట్రోలు.

2.15. మా ఊరు ఎమ్మిగనూరు చేరాం. మా సందులోకి కారు దూరలేదు. చర్చి గోడ పక్కన పెట్టాం.

మార్చి 23, ఆదివారం

చర్చికి కారులో వెళ్ళాం!

కారుండేది చర్చి పక్కనే. అందుకని ముందు చర్చి దాకా నడిచాం. కారెక్కి, ఊరంతా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే దిగాం. అందరూ చూసేదాకా నేను తలుపు తీయలేదు.

స్వప్న రాలేదు! జలుబట!

మార్చి 28

వ్యాపారం లెక్క:
పెట్రోలు, పద్దెనిమిది వందలు.
పంచరు, రెండు వందలు.
పెళ్ళిళ్ళు, ఒకటి. మా ఆయన పెద్దమ్మ మనవడిది. సొంతవాళ్ళను అద్దె ఎట్లా అడుగుతాం? రెండు కొబ్బరికాయలు ఇచ్చారు. సీటు మీద వక్కాకు మరక చేసిపోయారు.

గొలుసు సంగతి ఇంకో నెల పోయాక చూడాలి. అప్పటికి వేలం అయిపోతుంది. సరే, రేపు ఆలోచిద్దాం.

ఏప్రిల్ 1, మంగళవారం

ఉదయం 7.10. అత్త రోజూ లేవగానే కారు తుడవడానికి పోతుంది. పాత చీర చింపి నాలుగు గుడ్డలు చేసుకుంది. ఈరోజు నేనూ వెంట వెళ్ళాను. సచివాలయం నుంచి వీణ అనే అమ్మాయి అత్త పింఛను అక్కడికే తెచ్చింది. నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చి, కారు వైపు చూసింది.

"ఈ కారు ఎవురిది అవ్వా?"

అత్త నడుం నిలబెట్టింది. "మాదే! నా కొడుకు కొన్న్యాడు! పైన కిటికీ కూడా ఉంది, సూపిస్తా ఉండు!"

నేను సైగ చేశాను. చూసుకోలేదు. తలుపు తీసి, మీట నొక్కి, కిటికీ మొత్తం చూపించింది.

వీణ మెల్లగా చెప్పింది. "సొంతకారు ఉండే ఇంటికి పింఛను ఇయ్యరు అవ్వా. కారు కాగితాల్లో మీ వాళ్ళ పేరెక్కినాక ఏరేస్తారు. రేషన్ కార్డు కూడా పోతాది."

అత్త చేతిలో గుడ్డ ఆగింది.

"మాది కాదు తల్లీ! సుట్టాలది. ఎవురిదో నాకేం తెలుసు? నేను ఉత్తగా తుడుస్తాండా!"

ఏప్రిల్ 2

ఉదయం 9.00. అత్త చాప, నీళ్ళ సీసా, వక్కాకు సంచి తీసుకుని కారులో కూర్చుంది. తాళం చెవి రొంటిన దోపుకుంది. నాలుగు తలుపులూ బార్లా తెరిచి పెట్టింది.

ఆయన వెళ్ళి బతిమాలాడు. "దిగుమా. జనం సూస్తాండారు."

"సూడనీ. కూలి ఇడ్సినప్పటి నుంచి ఒకరి ముందర సెయ్యి సాపలేదు నేను. పింఛనుతో నా మాత్రలు నేనే కొనుక్కుంటాండా. సచ్చిపోతే పెట్టెకని దాంట్లోనే దాసుకుంటాండా. ఆ దుడ్డు ఈ కారు తింటాది కదా? అయితే ఈ కారు నాది. అమ్మినాక దిగుతా."

ఆయన ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను తిడదామనుకున్నాను. బేరమాడింది నేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

1.00. అన్నం కారు దగ్గరికే తీసుకుపోయాను. కూరలో ఉప్పు తక్కువైందట.

6.30. ఇంటికొచ్చి పడుకుంది. తాళం చెవి ఇవ్వలేదు.

ఏప్రిల్ 6

గ్రూపు కంతు ఒకరోజు ఆలస్యం. నాది! బ్లౌజు గుడ్డలు కొనడానికి దాచిన డబ్బు తెచ్చి కట్టాను.

కమలమ్మ పుస్తకం తీసి కూర్చుంది. "లీడరమ్మా, జరిమానా కారు దిగి కడ్తావా, కారులోంచే ఇస్తావా?"

పన్నెండు మంది నవ్వారు. నేనూ నవ్వాను. లేకపోతే ఏడ్చేదాన్ని. యాభై కట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

కారు తిరిగి ఇవ్వడానికి ఆదోనికి బయలుదేరాం. అత్త ముందు సీట్లో కూర్చుంది, కాపలాకు. మేం దారిలో మనసు మార్చుకుంటామేమోనని అనుమానం. (నాకూ ఉంది.)

సగం దూరం పోయాక అత్త ఆపమంది.

"ఎట్లాగూ పోతాది కదా. ఆ కిటికీలో ఒకసారి నిలబడతా."

నేను వెనక సీట్లోంచి కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నడిచేంత మెల్లగా పోనిచ్చాడు. అత్త నడుం దాకా పైకి లేచింది. కొంగు గాలికి ఎగిరి అద్దానికి కొట్టుకుంటోంది. రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు.

పైనుంచి అరిచింది. "ఈడ ముప్పై ఏండ్లు పత్తి ఏరినా అమ్మీ! సాలు పట్టుకుంటే ఆ కొస కనపడేది కాదు. ఇంత సిన్న సేనా ఇది!"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. పక్క అద్దాలన్నీ వేసే ఉన్నాయి.

11.40. జయన్న లక్షా అరవై అన్నాడు.

"మూడు వారాలు రోజూ తుడిసినా నాయనా," అంది అత్త. "కొన్న దినం కంటే ఇప్పుడే తళతళంటాంది. నా కూలి ఐదు వేలు ఎయ్యి."

వేశాడు! లక్షా అరవై ఐదు. ఫైనాన్సు తీరిపోగా చేతికొచ్చింది ఇరవై ఏడు వేలు. పోయింది ముప్పై మూడు వేలు.

పేరు మార్పు సంగతి అడిగాను. జయన్న తల గోక్కున్నాడు. కాగితాలు ఇంకా అతని డ్రాయరులోనే ఉన్నాయి. కారు మా పేరెక్కనే లేదు, అత్త పింఛను పోదు. ఒకరి సోమరితనానికి దేవునికి స్తోత్రం చెప్పడం ఇదే మొదటిసారి.

3.00. బస్సు. సీట్లు లేవు. ముగ్గురం నిలబడే వచ్చాం.

ఏప్రిల్ 15

బంగారు లోను ఆఫీసు. వడ్డీ పద్నాలుగు వేలు కట్టి తిరగరాయించుకున్నాం. వేలం తప్పింది. అద్దం వెనక నుంచి గొలుసు చూపించమన్నాను. అట్లా చూపించరట.

ఏప్రిల్ 21, సోమవారం

ఈస్టర్ అయిపోయింది. నలభై రోజుల్లో నేను నిలిచింది పద్నాలుగు. ఆ పద్నాలుగులో కూడా చివరి ఆరు రోజుల మీద నాకు అనుమానమే.

మళ్ళీ ఒకటో రోజు! ఈసారి డిసెంబరు దాకా. చేతిలో పదమూడు వేలు. నలుగురి బ్లౌజులు కుట్టాల్సి ఉన్నాయి.

1. కొత్త అప్పు లేదు.
2. గొలుసుకు తప్ప దాచిన డబ్బు ముట్టుకునేది లేదు. ఆదోనికి అసలే తీసుకుపోయేది లేదు.
3. ఎప్పటికీ కారు కొనేది లేదు.

అత్త వక్కాకు నములుతూ వచ్చి పక్కన కూర్చుంది. "ఏం రాస్తాండావు అమ్మీ? సదువు."

చదివాను. మూడోది వినగానే నమలడం ఆపింది.

"ఎప్పటికీ అని ఏమిటికి? అంత పెద్ద మాట వద్దులే."

నేను ఆమె ముఖం చూశాను. ఆమె గోడ వైపు చూసింది.

‘ఎప్పటికీ’ కొట్టేసి, ‘ఇప్పట్లో’ అని రాశాను.