సగం చెక్కిన తీగ

జూన్ 3
అద్దకం క్లాసులో మా పిట్ట పేరు కొట్టేసి నా పేరు రాయమన్నాను. మాస్టారు కొట్టెయ్యలేదు. దాని పేరు కిందే నాది రాశారు. క్లాసు మ్యూజియం వెనకగదిలో. అక్కడ అద్దాల బీరువాలో పాతకాలపు చెక్క అచ్చులున్నాయి. వాటిని చూసి అలాంటివే చెక్కాలి, రంగు అద్ది గుడ్డ మీద వెయ్యాలి. పిట్ట ఒక పూలతీగ మొదలుపెట్టింది. సగమయ్యేసరికి జ్వరం వచ్చింది. అంతే. నా కూతురు లేదు.

మిగతా సగం నేను చెక్కుతాను.

జూన్ 4
మా ఆయన ఒప్పుకోలేదు. బిడ్డ చెయ్యి పడ్డ ఆఖరి వస్తువు అది, నువ్వు పాడుచేస్తే ఇంకేం మిగులుతుంది అన్నారు. నిజమే. కానీ నెలాఖరుకి అందరి అచ్చులూ ఒక పొడుగు గుడ్డ మీద వేసి మ్యూజియంలో వేలాడదీస్తారట. పిట్టది సగమే వేస్తారట. సగం అనేసరికి ఒళ్లు మండింది.

జూన్ 9
పనికిరాని ముక్కల మీద ప్రాక్టీసు. రంగు ఆఖరి రోజునే ముట్టుకోవాలట. నా ఎడమచెవి వినపడదని మాస్టారికి తెలీదు. ఆ పక్కనే నిలబడి, అచ్చు గుడ్డ మీద ఎలా పడుతుందో గంటసేపు చెప్పారట. నేను తలూపుతూనే ఉన్నాను. పక్కబల్ల టైలరమ్మ, అక్కా, వంకాయలు తరగమన్నారా మాస్టారు, ఉలి అలా పట్టుకున్నావు అంది. నవ్వొచ్చింది. ఇన్నాళ్లకి. వెంటనే ఏడుపొచ్చింది. పిట్ట ఎప్పుడూ నా కుడిపక్కనే ఉండేది. బస్సులో కూడా నన్ను లేపి, అటు జరుగమ్మా, నీ మంచి చెవి నాక్కావాలి అనేది.

జూన్ 15
తీగ మీద ఉలి పెట్టాను. ఎడమ సగం దానిది, కుడి సగం నాది. దాని గీత వెంట్రుకలా ఉంది.

జూన్ 16
నాది తాడులా ఉంది.

జూన్ 17
క్లాసుకి వెళ్లలేదు. అచ్చుని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఆయన చూసి వరండాలోకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

జూన్ 19
మాస్టారు కబురు పెడితే వెళ్లాను. గ్లౌజులు తొడిగించి ఒక పాత అచ్చు నా చేతుల్లో పెట్టారు. ఈసారి కుడిపక్కకి వచ్చి, బాగా చూడమ్మా అన్నారు. ఒక పక్క ఆకులు సన్నం. ఇంకో పక్క మొద్దు. ఇద్దరు చెక్కారు. ఎందుకని అడిగాను. ఎవరికి తెలుసమ్మా, ఒకరు మొదలుపెట్టారు, ఇంకొకరు వదిలెయ్యలేదు, అంతే అన్నారు. అంచులు అరిగిపోయేదాకా వాడారు దాన్ని. మొద్దుగా ఉందని ఎవరూ పారెయ్యలేదు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా బీరువా తీశాను.

జూన్ 26
ఉలి జారింది. వేలు తెగింది. ఆకు బతికింది. ఆయన కట్టు కట్టి, ఇంకెన్ని ఆకులున్నాయని అడిగారు. రెండో మూడో అన్నాను. దీపం నా బల్ల దగ్గరికి జరిపి పెట్టారు.

జూన్ 30
రంగు అద్దాను. గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దాను. లేపాను.

అచ్చు వేస్తే కుడి ఎడమలు మారతాయని మాస్టారు చెప్పే ఉంటారు, నా ఎడమచెవి పక్కన.

పిట్ట కుడిపక్కకి జరిగి కూర్చుంది.

చెప్పు తల్లీ. వింటున్నాను.