బావ అక్కర్లేదని కొన్న స్టాండ్
నౌబాద్, ఆదివారం రాత్రి

బావకు ముఖం ఎలా చూపించను?

మా బండ్లకు సెంటర్ స్టాండ్ లేదు. ప్రతి ఆదివారం ఎదురింటి నుంచి బావ వచ్చి నా బండిని సైడ్ స్టాండ్ మీదికి వంచి పట్టుకునేవాడు. వెనక చక్రం పైకి లేస్తే నేను చైన్‌కు ఆయిల్ వేసేవాణ్ణి. తర్వాత ఆయన బండిని నేను పట్టేవాణ్ణి. పోయిన వారం ఆలస్యమైందని, "నీకోసం ఎదురుచూసుడు నాతోని కాదు బావా, వెనక చక్రం లేపే ప్యాడాక్ స్టాండ్ తెచ్చుకుంట" అని అక్క ముందే అనేశాను.

షాపులో బండిని మోసే చోట కొక్కేలున్నదా, రబ్బరున్నదా అని తెగ ఆలోచించి రబ్బరున్నది తెచ్చాను. బండి దాని మీదికి లేచేదాకా నిటారుగా పట్టడానికి ఇంకో మనిషి కావాలని మాత్రం తట్టలేదు.

ఈరోజు ఒక్కణ్ణే ఎత్తబోతే బండి నా మీదికి ఒరిగింది. నోట్లోంచి వచ్చిన కేక "బావా!" అనే. పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నేను పట్టిన, నువ్వు ఎత్తు" అన్నాడు. ఎత్తిపొడవలేదు.

పనయ్యాక, "నీ బండి తే బావా" అన్నాను.

"పొద్దుగాల్నే అయింది. మీ అక్క పట్టింది."

అక్క. భుజం నొప్పితో జొన్నరొట్టె కూడా కొట్టలేకపోతున్న మా అక్క...